పసుపు వైరు

మా ఇల్లు, ముందు గది
జూన్ 9

చిరంజీవి బావమరిదికి బావ ఆశీస్సులు.

ఒరేయ్ కెమెరా, ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరం ఏమిటని విసుక్కోకు. కిందటి నెల నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను "ఆహా, అలాగే అలాగే" అన్న ప్రతిచోటా నాకు ఒక్క ముక్క వినపడలేదు. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమది పోయే దారిలో ఉంది. చెవి మిషను పెట్టుకుంటే గిన్నెల చప్పుడు తప్ప మనుషుల మాట వినపడదు. కాగితం మీదయితే నాకు ఏ లోటూ లేదు. ముప్పైనాలుగేళ్ళు ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దినవాణ్ణి, నీ కోడిగెలుకుడు రాత కూడా చదివేస్తాను.

సంగతేమిటంటే, రిటైరయిన రోజున ప్రెస్సువాళ్ళంతా కలిసి నాకు నలభైమూడంగుళాల టీవీ ఇచ్చారు. చెవిటివాడికి టీవీ ఏమిట్రా అని నేనే జోకేశాను. ఎవరూ నవ్వలేదు. వాళ్ళే వచ్చి గోడకు బిగించి వెళ్ళారు. వార్తలు పెడితే చదివేవాడి మీసంలో తెల్ల వెంట్రుకలు కూడా కనపడుతున్నాయి.

అది చూశాక నాకు మా పాతికేళ్ళ పెళ్ళిరోజు వీడియో గుర్తొచ్చింది. అప్పుడే కొత్త కెమెరా కొన్నావు నువ్వు. రోజంతా మెడకు తగిలించుకుని తిరిగావు, కెమెరా అన్న పేరు అప్పుడే పడింది నీకు. తర్వాత ఆ వీడియోను టీవీకి తగిలించే ఒక నల్లపెట్టెలో ఎక్కించి ఇచ్చావు. మీ అక్కా నేనూ పాత డబ్బా టీవీలో ఒక్కసారి చూశాం. ఆమె పోయాక ఈ ఎనిమిదేళ్ళలో ఆ పెట్టెను ముట్టుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

మరిప్పుడెందుకంటావా? నీకు తప్ప ఎవరికి చెప్పుకోను. ఆ వీడియో తీసిన పదకొండు నెలలకు మీ అక్క పోయింది. చివర్లో డాక్టరు "ఇది ఏడాది నుంచీ ఉండి ఉంటుంది" అన్నాడు, గుర్తుందా? ఆ మాట నన్ను తినేస్తోందిరా. ఏడాదంటే ఆ పెళ్ళిరోజు నాటికే కదా! ఆరోజు ఆమె ముఖంలో జబ్బు కనపడుతోందా? కనపడుతూ ఉంటే పక్కనే ఉన్న నేను ఎందుకు చూడలేదు? పేజీలో ఒక్క కామా జారిపోతే పట్టేసేవాణ్ణి, ఇంట్లో మనిషి జారిపోతుంటే పట్టలేదా? ఆమె ముఖం ఒక్కసారి స్పష్టంగా చూడాలి. ఆరోగ్యంగా ఉందనుకో, నా మనసు కుదుటపడుతుంది. లేదనుకో, నేనెంత గుడ్డివాణ్ణో తెలుస్తుంది. ఏదో ఒకటి తెలియాలి.

తీరా పెట్టెను టీవీకి కలిపితే అంతా మసక. పెట్టె వెనక ఉన్న కన్నాల బొమ్మ గీసి దీనితో పంపుతున్నాను. పసుపు, ఎరుపు, తెలుపు గుండ్రటివి మూడు. పక్కన బల్లపరుపుగా ఇంకొకటి. ఇప్పుడు పెట్టింది పాత మూడు రంగుల వైరే. మెనూలో అంకెలు చాలా ఉన్నాయి, 480, 576, 720, 1080 అని. ఏ వైరు పెట్టాలో, ఏ అంకె నొక్కాలో రాయి. టీవీలు బాగుచేసే ఆఫీసులో కూర్చున్నవాడివి, నీకిది చిటికెలో పని.

నీ బావ

&nbsp;

సర్వీస్ సెంటర్, రెండో అంతస్తు
జూన్ 17

బావగారికి నమస్కారాలు.

ఉత్తరం అందింది. బొమ్మ బ్రహ్మాండంగా గీశారు, మా మెకానిక్కులకు చూపించాను. టీవీ వచ్చినందుకు చాలా సంతోషం.

మీరు పెట్టిన వైరే సరైనది. పసుపు దాంట్లో బొమ్మ వస్తుంది, ఎరుపు తెలుపుల్లో శబ్దం వస్తుంది. దాన్ని కదపకండి. పెట్టె మెనూలో అంకె 576 మీద ఉంచండి. అదే మెనూలో స్క్రీన్ అనే చోట 4:3 అని ఉంటుంది, అదీ అలాగే ఉండనివ్వండి. టీవీ రిమోట్‌లో మాత్రం ఫుల్ అని నొక్కండి, తెర మొత్తం నిండుతుంది. షార్ప్‌నెస్ అని ఉన్నచోట సున్నా పెట్టండి. కుర్చీ కనీసం పన్నెండడుగుల దూరంలో వేసుకోండి. వీడియో పాతది బావా. పాతదాన్ని పెద్ద తెర మీద వేస్తే ఆ మాత్రం మసక ఉంటుంది. పెద్ద అంకెలు నొక్కితే ఇంకా పాడవుతుందే తప్ప బాగుపడదు.

ఇంకో మాట. ఆరోజు అక్క బాగానే ఉంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కెమెరాలోంచి చూసింది నేనే కదా, నా మాట నమ్మండి. డాక్టర్లు ఏదో ఒకటి అంటారు. అయిపోయినదాన్ని తవ్వి తలకెత్తుకోకండి. ఆ టీవీలో అడవి జంతువుల కార్యక్రమాలు వస్తాయి, మాటలు వినపడకపోయినా ఇబ్బంది లేదు, అవి చూడండి.

గుండె మాత్రలు మానకండి.

మీ బావమరిది

&nbsp;

మా ఇల్లు, ముందు గది
జూన్ 30

కెమెరాకి,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. పన్నెండడుగులు కొలిస్తే కుర్చీ వంటగదిలోకి వెళ్ళింది. స్టవ్వుకు వీపు పెట్టి, గుమ్మంలోంచి చూస్తున్నాను. పక్కింటావిడ చూసి నాకు మతిపోయిందనుకుంది. అనుకోనీ.

ఒరేయ్, మీ అక్క ఎంత నిండుగా ఉందిరా! చెంపలు బూరెల్లా ఉన్నాయి. భుజాలు కూడా. ఆరోజుల్లో ఆమె సన్నబడుతోందని నాకేదో లీలగా గుర్తుండేది. నా గుర్తు తప్పన్నమాట. ఆ ఆకుపచ్చ స్వెట్టర్ వేసుకుని, కేకు కోసి, నా నోట్లో కుక్కి నవ్వుతోంది. అది చూసి ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు. ఎనిమిదేళ్ళుగా గుండెల మీద ఉన్న బండ కొంచెం పక్కకు జరిగినట్టయింది. ఆ రాత్రి నిద్రమాత్ర వేసుకోకుండానే నిద్రపోయాను.

కానీ తెల్లారాక మళ్ళీ పురుగు తొలిచింది. చెంపలు కనపడ్డాయి సరే, కళ్ళు కనపడవే! కళ్ళున్నచోట తడి కాగితం మీద సిరా ఒలికినట్టు రెండు మచ్చలు. మనిషి బాగున్నదీ లేనిదీ కళ్ళలోనే కదా తెలిసేది. ఇంకొంచెం స్పష్టం చెయ్యలేమా?

టీవీతో వచ్చిన పుస్తకం మొత్తం చదివాను. నలభై పేజీల్లో అరవైరెండు అచ్చుతప్పులు. ఎవడు దిద్దాడో గానీ వాడికి జీతం ఇవ్వకూడదు. ఆ పుస్తకం ప్రకారం బల్లపరుపు కన్నం పేరు హెచ్‌డిఎంఐ, అన్నిటికంటే మంచి బొమ్మ అందులోనే వస్తుందట. మరి నువ్వు దాని ఊసే ఎత్తలేదేం? ఇంకొకటి, 1080 పక్కన ఒకచోట ఐ అనీ ఒకచోట పి అనీ ఉంది. అది అచ్చుతప్పా, లేక అర్థం ఉందా?

నీ బావ

&nbsp;

సర్వీస్ సెంటర్
జూలై 12

బావగారికి,

పని ఎక్కువగా ఉండి ఆలస్యమైంది. క్షమించండి.

ఐ, పి అచ్చుతప్పులు కావు. మీ ప్రెస్సు భాషలో చెప్తాను. పి అంటే పేజీ మొత్తం ఒకేసారి అచ్చు వెయ్యడం. ఐ అంటే ముందు ఒకటి, మూడు, అయిదు పంక్తులు వేసి, తర్వాత రెండు, నాలుగు, ఆరు వెయ్యడం. ఎంత త్వరగా వేస్తారంటే కంటికి ఒకే పేజీలా కనపడుతుంది. అంతకుమించి ఏమీ లేదు.

హెచ్‌డిఎంఐ కన్నం జోలికి మాత్రం వెళ్ళకండి. ఆ రకం పెట్టెల్లో ఆ కన్నం పాడైపోతుంది, టీవీని కూడా కాల్చేస్తుంది. మా దగ్గరకు అలాంటివి చాలా వచ్చాయి. ప్రెస్సువాళ్ళు ప్రేమగా ఇచ్చినది చేతులారా తగలబెట్టుకోకండి.

ఒక పని చెయ్యండి. పెట్టెను నాకు పార్సిల్ చెయ్యండి. ఇక్కడ మంచి మిషన్లున్నాయి, నేనే శుభ్రం చేసి కొత్తదాంట్లో ఎక్కించి పంపుతాను. ఓ రెండు నెలలు పట్టొచ్చు.

అక్క నిండుగా ఉందని మీరే రాశారు. నిద్ర పట్టిందని కూడా రాశారు. చాలదా బావా? అంతకంటే ఏం కావాలి మీకు?

మీ బావమరిది

&nbsp;

మా ఇల్లు
జూలై 28

కెమెరాకి,

పెట్టెను పంపుదామనే అనుకున్నాను. అట్టపెట్టె తెచ్చాను, మడిచిన దుప్పటి కూడా అడుగున వేశాను. చివరిసారి ఒకసారి చూద్దామని కూర్చున్నాను.

కేకు కోసేచోట మీ అక్క వెనక గోడ మీద గడియారం ఉంది. అది మన హాలు గడియారమే, ఇప్పటికీ అదే మేకుకు వేలాడుతోంది. లేచి వెళ్ళి చేత్తో తడిమి చూశాను. గుండ్రంగానే ఉంది. టీవీలో మాత్రం కోడిగుడ్డును అడ్డంగా పడుకోబెట్టినట్టుంది. స్కేలు తీసుకుని తెర మీద కొలిచాను. నిలువు కంటే అడ్డం మూడో వంతు ఎక్కువ.

గడియారం సాగితే మరి ఆ చెంపలు?

ఆ మాట తట్టగానే అట్టపెట్టెలోంచి దుప్పటి తీసి పక్కన పెట్టాను.

మర్నాడు మెయిన్ రోడ్డులో వైర్ల కొట్టుకు వెళ్ళాను. కొట్టు నడిపేది ఒక పెద్దావిడ. నోరు కాదది, రంపం. నాకు వినపడదని చెప్తే అట్టముక్కల మీద రాసి మరీ తిట్టింది. నీకు గీసిన బొమ్మలాంటిదే ఆవిడకీ గీసి చూపించాను. నువ్వు చెప్పిన సంగతులన్నీ చెప్పాను. ఆవిడ రాసిన అట్టముక్క ఇప్పుడు నా ముందే ఉంది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఎవడయ్యా ఈ సలహా ఇచ్చింది? ఆ కన్నం టీవీని కాల్చడమేంటి, వాడి మొహం! 4:3 పెడితే రెండు పక్కలా బొమ్మ కోసేస్తుంది, ఫుల్ నొక్కితే మిగిలినదాన్ని సాగదీస్తుంది. పసుపు వైరు మసకబారుస్తుంది. మంచి బొమ్మను చెడగొట్టడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ వరసగా చెప్పాడు. తెలియనివాడు ఇంత పద్ధతిగా చెప్పలేడు. నీ మీద వాడికేం పగ?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా బావమరిది ఈ పనిలో ముప్పయ్యేళ్ళుగా ఉన్నాడు, పగేమిటి, నోరు మూసుకోమన్నాను. ఆవిడ భుజాలెగరేసి, హెచ్‌డిఎంఐ వైరు ఒకటి నా చేతిలో పెట్టి, ఇంకో అట్టముక్క మీద రాసింది. "పెట్టెలో స్క్రీన్ 16:9. అంకె 1080 పి. టీవీలో ఒరిజినల్. నాలుగు నిమిషాల పని."

వైరు కవరులోంచి ఇంకా తియ్యలేదు. బల్ల మీదే ఉంది. నిన్ను అడక్కుండా పెట్టను. నీ మీద నాకు అనుమానం రాకూడదురా, నాకు మిగిలింది నువ్వొక్కడివే.

అందుకే సూటిగా అడుగుతున్నాను. నీకు తెలియక చెప్పావా? తెలిసి చెప్పావా?

నీ బావ

&nbsp;

నా గది
ఆగస్టు 10

బావా,

తెలిసే చెప్పాను.

కొట్టావిడ రాసిందంతా నిజం. ఒక్క ముక్క కూడా తప్పు లేదు. ఆరోజు నేను వాడింది పెద్ద కెమెరా. మీ టీవీ ఎంత చూపించగలదో అంత స్పష్టంగానూ ఉంటుంది ఆ వీడియో. అందుకే చూడనివ్వలేదు. పెట్టె నా చేతికొస్తే చెడిపోయిందని చెప్పి మీకిక పంపకూడదనుకున్నాను. ఇంత రాశాక ఇంకేం దాస్తాను.

అక్కకి జబ్బని ఆ పెళ్ళిరోజుకు మూడు వారాల ముందే తెలుసు. నాకూ తెలుసు. ఊరవతల ఆసుపత్రికి తీసుకెళ్ళింది నేనే. అప్పటికి మీ గుండె ఆపరేషన్ అయి రెండు నెలలు. మంచం మీంచి బాత్‌రూమ్‌కి వెళ్ళడానికి కూడా అక్క భుజం పట్టుకునేవారు మీరు. ఆయనకి ఏ చిన్న దిగులూ తగలకూడదని డాక్టరు అక్కతో ఒకటికి పదిసార్లు చెప్పాడు. రిపోర్టు చేతికొచ్చిన రోజున ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, అక్క నా చేత ఒట్టు వేయించుకుంది. "మీ బావకి తెలిస్తే ఆ గుండె ఆగిపోతుందిరా, నోరు మెదిపావంటే నువ్వు నాకు తమ్ముడివే కాదు" అంది.

పెళ్ళిరోజు పొద్దున కేకు తెస్తామని చెప్పి మేం వెళ్ళింది ఆసుపత్రికి. ఏవో పరీక్షలకని రక్తం తీశారు. నరం దొరక్క నాలుగుచోట్ల పొడిచారు. రెండు గంటలు ఆలస్యంగా వచ్చాం. బేకరీవాడు ఆలస్యం చేశాడని నేను చెప్తే మీరు పాపం వాణ్ణి తిట్టిపోశారు.

ఇది రాయకూడదేమో. కానీ రాస్తున్నాను. ఆ తర్వాతి వారానికే అక్కకి ఆపరేషన్ తేదీ ఇచ్చి ఉన్నారు. అక్క వాయిదా వేసింది. "మీ బావ మెట్లు ఎక్కడం మొదలుపెట్టాక చేయించుకుంటాను" అంది. మీరు మెట్లు ఎక్కేసరికి నాలుగు నెలలు పట్టింది. అప్పటికి అది పాకిపోయింది. నేను తిట్టాను, బతిమాలాను, ఒకసారి ఫోన్ తీసి మీ నంబరు కూడా నొక్కాను. మీరు "చెప్పరా కెమెరా" అనగానే ఏదో అడ్డమైన మాట మాట్లాడి పెట్టేశాను.

సరైన వైరు పెడితే అక్క ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎముకలు కనపడతాయి. మీరు తట్టుకోలేరు. మసకలో అయినా ఆమె నిండుగా కనపడితే మీకు నిద్ర పడుతుందనుకున్నాను. పట్టింది కూడా.

మీరెలాగూ చూస్తారు. చూడండి. కానీ ఒక్క మాట వినండి బావా. అందరం కలిసి నిలబడిన గ్రూపు ఫొటో దాకా చూసి ఆపెయ్యండి. ఆ తర్వాత ఉన్నదంతా చుట్టాలు ప్లేట్లు పట్టుకుని తినడమే. చూడ్డానికేం లేదు.

తిట్టండి. కొట్టినా పడతాను.

బావమరిది

&nbsp;

ఇల్లు
ఆగస్టు 19

మీ ఉత్తరం అందింది.

మీరు, మీ అక్కగారు కలిసి నా గుండెను చాలా జాగ్రత్తగా చూసుకున్నారు. కృతజ్ఞుణ్ణి. నాలుగు నెలలు ఆమె నా కాళ్ళకు చెప్పులు తొడిగింది. మెట్టు మెట్టుకీ "ఇంకొకటి, ఇంకొకటి" అంది. ఎందుకంత తొందరపెడుతోందని నేను విసుక్కునేవాణ్ణి. ఒకరోజు చెయ్యి విదిలించుకున్నాను కూడా. ఆమె దేనికోసం లెక్కపెట్టుకుంటోందో మీకు తెలుసు, డాక్టర్లకు తెలుసు, ఆసుపత్రి గుమ్మం దగ్గర కూర్చునేవాడికి కూడా తెలిసి ఉంటుంది. నాకు తెలియదు.

నా భార్య జబ్బు గురించి నిర్ణయించడానికి మీరెవరు?

ఇక ఉత్తరాలు రాయకండి.

&nbsp;

నా గది
సెప్టెంబరు 2

బావా,

రాయొద్దన్నారు. ఇదొక్కటే.

నన్ను "మీరు" అన్నారు. ఇన్నేళ్ళలో మొదటిసారి. దానికంటే చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది.

నన్ను ఏమైనా అనండి, పడాల్సినవాణ్ణే. కానీ గ్రూపు ఫొటో దగ్గర ఆపేయండి. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ తర్వాతది చూడకండి.

బావమరిది

&nbsp;

మా ఇల్లు, ముందు గది
అక్టోబరు 5

ఒరేయ్ కెమెరా,

నెల రోజులు నీ మీద కోపంతో అన్నం కూడా సరిగ్గా తినలేదు. వైరు కవరులోనే ఉంది. దాన్ని చూస్తే నువ్వు గుర్తొచ్చేవాడివి, నువ్వు గుర్తొస్తే ఒళ్ళు మండేది.

పోయిన సోమవారం పొద్దున్నే పెట్టాను. కొట్టావిడ చెప్పినట్టే నాలుగు నిమిషాలు పట్టింది. పెట్టెలో 16:9, 1080 పి, టీవీలో ఒరిజినల్. కుర్చీ టీవీకి నాలుగడుగుల దగ్గరికి లాక్కున్నాను.

గడియారం గుండ్రంగా వచ్చింది. మీ అక్క వచ్చింది.

నువ్వన్నట్టే ఎముకలు కనపడ్డాయి. దవడ కింద గుంటలు. పెదాల మీద రంగు వేసుకుంది, అది లేకపోతే తెలిసిపోయేది. కళ్ళు మాత్రం బాగున్నాయిరా. ఎంత బాగున్నాయంటే, కేకు నా నోట్లో పెడుతున్నప్పుడు ఆమె కళ్ళలో కిటికీ కనపడింది. అక్కడ ఆపి, ఏం చెయ్యాలో తోచక తెర మీద చెయ్యి పెట్టాను. అద్దం వెచ్చగా ఉంది. "పిచ్చిదానా, నాకెందుకు చెప్పలేదే" అని పైకే అన్నాను. పక్కింటావిడ కిటికీలోంచి తొంగి చూసింది.

గ్రూపు ఫొటో వచ్చింది. ఆపేశాను. నీ మీద కోపమున్నా నీ మాట మన్నించాను, చూడు.

రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడోరోజు ఓర్చుకోలేకపోయాను. చివరి పేజీ దిద్దక్కర్లేదు, బాగానే ఉంది అని ఏ రచయితయినా అన్నాడంటే, నేను ముందు తీసేది ఆ చివరి పేజీనే. ముప్పైనాలుగేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది.

చుట్టాలు తింటున్నారు. నువ్వన్నది నిజమే, ప్లేట్లే. ఎడమవైపు అంచున, కుళాయి దగ్గర మీ అక్క చేతులు కడుక్కుంటోంది. స్వెట్టర్ చేతులు మోచేతి పైకి లాక్కుంది. పాత డబ్బా టీవీలో ఆ అంచు మాకు కనపడనేలేదు, నువ్వు పెట్టమన్న 4:3 లోనూ కనపడలేదు. మోచేతి మడతలో తెల్లటి ప్లాస్టరు. దాని చుట్టూ నాలుగు నల్లటి మచ్చలు, అణాకాసంతేసి.

అప్పుడు చేతికర్ర పట్టుకుని ఒక మనిషి ఆమె పక్కకు వచ్చాడు. నేనే.

నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. తల వంచి ఆ ప్లాస్టరును చూశాను. ఊరికే చూపు పడటం కాదురా, చూశాను. ఎంతసేపని గడియారం పెట్టి లెక్కపెట్టాను, ఆరు సెకన్లు. ఆరు సెకన్లలో నేను ఒక పేరా దిద్దేవాణ్ణి. తర్వాత నేనేదో అన్నాను. ఆమె ఏదో అంది. మళ్ళీ నేనేదో అన్నాను. అని, నా చేత్తోనే ఆ స్వెట్టర్ చెయ్యిని మణికట్టు దాకా కిందికి లాగాను. లాగి, సర్ది, నీ కెమెరా వైపు తిరిగి చెయ్యి ఊపాను. నవ్వుతూ.

నాకిది గుర్తులేదు. ఒట్టు. ఎనిమిదేళ్ళుగా నేను చూడలేదనే ఏడ్చాను. చూడలేదని కాదు, చూసి కప్పానని నాకు ఇప్పుడు తెలిసింది. పదిహేనుసార్లు వేసుకుని చూశాను, ఒక్కసారైనా ఆ చెయ్యి వేరేలా కదులుతుందేమోనని.

పసుపు వైరు ఎందుకు పెట్టమన్నావో ఇప్పుడర్థమైంది. నీ తప్పు దాచుకోవడానికి కాదు. నిన్ను మీరు అన్నందుకు సిగ్గుగా ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎవరి ముఖమూ చూడలేకపోయేవాణ్ణి.

ఒక్కటి మాత్రం నాకు తెలియట్లేదు. నేనేమన్నాను? శబ్దం ఎంత పెంచినా నాకు వినపడదు. చెవి మిషను పెట్టుకుంటే ప్లేట్ల చప్పుడే వచ్చింది. నా పెదాలు చూసి పోల్చుకుందామంటే పక్కకు తిరిగి ఉన్నాను. పక్కింటావిడను పిలిచి వినమని అడగడానికి నోరు రాలేదు. కెమెరా వెనక ఉన్నది నువ్వు. నువ్వు విన్నావు. నేను ఆమెతో ఏమన్నానో ఉన్నదున్నట్టు రాయి. తియ్యగా చేసి రాశావంటే నాకు తెలిసిపోతుంది.

నీ బావ

&nbsp;

నా గది
అక్టోబరు 13

బావా,

ఆదివారం బయలుదేరి వస్తున్నాను. సెలవు పెట్టాను. ఈలోగా మీరు అడిగింది రాస్తున్నాను. తప్పించుకుందామని మూడు కాగితాలు చింపాను. ఇది నాలుగోది.

మీరు "ఏమిటిది?" అని అడిగారు. అక్క "ఏం లేదు, బేకరీ తలుపు తగిలింది" అంది. మీరు కాసేపు చూసి, "సరే, చెయ్యి కప్పుకో. వాడు తీస్తున్నాడు, రేపు చూసుకుంటే బాగుండదు" అన్నారు. అక్క "సరేలెండి" అని నవ్వింది.

అంతే. ఒక్క అక్షరం మార్చలేదు.

మీకు తెలియదు బావా. అబద్ధం చెప్తే నమ్మారు, అప్పుడే మంచం దిగిన మనిషి. తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. అక్కకి ఇచ్చిన ఆపరేషన్ తేదీకి అప్పటికింకా ఆరు రోజులుంది. మీరు ఆ ప్లాస్టరు చూస్తున్నంతసేపూ నేను మీకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను. "అది తలుపు తగిలింది కాదు బావా" అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది. అక్క మీ భుజం మీంచి నా వైపే చూస్తోంది.

నేను కెమెరా దించలేదు. మీరిద్దరూ అంచున సగమే పడుతున్నారని, పూర్తిగా పడేలా కొంచెం ఎడమకి జరిగాను.

మీ బావమరిది